మిల్లే మా అమ్మ

కరట్టుప్పాళయం పంచాయతీ యూనియన్ బడిలో బడిగంట తొమ్మిదింటికి కొడితే, టిఫిను గంట ఎనిమిదింబావుకే కొట్టేవాళ్ళు. పిల్లలు ఏ గంటకి పరిగెత్తుకొచ్చేవాళ్ళో చెప్పక్కర్లేదు. సర్కారే బళ్ళలో పొద్దుటి టిఫిను పెట్టడం మొదలుకాకముందు సంగతి ఇది. అప్పట్లో ఆ బడికి పెట్టింది కాంగేయం రోడ్డు మీది నూలు మిల్లు. రవ్వ, సేమియా, పప్పు, నూనె, గ్యాసు అన్నీ మిల్లువే. యాభై ఎనిమిది స్టీలు పళ్ళేలూ మిల్లువే. పళ్ళెం అడుగున మిల్లు గుర్తు అచ్చుకొట్టి ఉండేది. ఉప్మా అంతా తిని, వేలితో తుడిచి నాకితేగాని అది కనపడేది కాదు.

ఆ సోమవారం వంటమనిషి వడివు గరిట పట్టుకుని వరసల మధ్య నడుస్తుండగా మిల్లు కారు వచ్చి ఆగింది. ఇన్బరాజ్ దిగాడు. బడి వ్యవహారాలు చూడమని మిల్లువాళ్ళు పెట్టిన కుర్ర ఆఫీసరు. వరండాలో ఎండ తగలని చోటు కోసం పిల్లలు ఒకరి మీదొకరు పడుతుంటే వాళ్ళని దాటుకుంటూ హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వచ్చాడు.

"వచ్చే సోమవారం మా మిల్లు ఓనరు పెద్దయ్య వస్తున్నారు టీచర్. భోజనాల షెడ్డు వేద్దామా వద్దా, వచ్చే ఏడు టిఫిను సాగించాలా వద్దా, అన్నీ ఆయన కళ్ళారా చూశాకే. ఒక పాప చేత మాట్లాడించాలి. రెండు ముక్కలు చాలు. గుండె కరగాలి."

హెడ్‌మిస్ట్రెస్ సెందామరై టీచరుకి ఇరవై ఏడేళ్ళ సర్వీసు. మాటల పొందిక తెలిసిన మనిషి. చుట్టుపక్కల బళ్ళలో ఎవరు రిటైరైనా సన్మానపత్రం ఆవిడ చేతే రాయించుకునేవాళ్ళు. పాపని ఎంచుకోడానికి ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు. నాలుగో తరగతి ఓవియాని పిలిచింది. గంటలాంటి గొంతు ఆ పిల్లది.

"పొద్దున ఇంట్లో ఎందుకు తినవు కన్నూ నువ్వు?"

"అమ్మ వండే వెళ్తుంది టీచర్. మిల్లు వ్యాను పావు తక్కువ ఐదుకే వచ్చేస్తుందిగా. ఒక్కదాన్నే కూచుని తినబుద్ధి కాదు నాకు."

ఇన్బరాజ్ నవ్వి తల అడ్డంగా ఊపాడు. "వ్యానూ, షిఫ్టూ ఇవన్నీ ఎందుకు టీచర్ మధ్యలో? సూటిగా తగలాలి."

సెందామరై కాగితం లాక్కుని రాసింది. ఒక్క కొట్టివేత కూడా లేకుండా వచ్చింది మాట. *పొద్దున మా ఇంట్లో పొయ్యి వెలగదు. అన్నం పెట్టే మిల్లే మా అమ్మ.*

ఇన్బరాజ్ రెండుసార్లు చదువుకున్నాడు. "అబ్బ! ఇది టీచర్, ఇదీ కావలసింది!"

ఓవియా కూడబలుక్కుని చదివింది. "కానీ మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది కదా టీచర్?"

"వెలుగుతుంది కన్నూ. ఇది ఊరికే, స్టేజీ మీద చెప్పడానికి. మొన్న నాటకంలో నువ్వు రాణివి కాలేదూ? అలాగే."

పిల్ల సరేనంది. ఇన్బరాజ్ ఫోను తీసి ఫోటోకి గురి చూసి, మళ్ళీ దించేశాడు. "రిబ్బన్లు తీసేయండి టీచర్. మరీ ముస్తాబుగా ఉంది."

రెండు జడలూ మడిచి, చెవుల పక్కన పువ్వుల్లా విచ్చుకునేటట్టు కట్టిన ఎర్ర రిబ్బన్లు. సెందామరై వాటిని విప్పి, వేళ్ళతో నాలుగు వెంట్రుకలు నుదుటి మీదకి లాగింది. ఫోటో బాగా వచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ కాంగేయంలో మీటింగుకి బయల్దేరింది. బస్సు మిల్లు గేటు దగ్గర ఆగింది. కిటికీలోంచి చూస్తే గేటు పైన ఓవియా మొహం, మనిషంత ఎత్తున. కింద పెద్ద పెద్ద అక్షరాల్లో ఆవిడ రాసిన రెండు వాక్యాలు. దాని కింద "ఓవియా, నాలుగో తరగతి."

దాచడం ఎందుకు, మొదట ఆవిడకి కలిగింది సంతోషమే. తన మాట అంత పెద్ద అక్షరాల్లో ఎన్నడూ చూసుకోలేదు. పక్కసీటు ముసలాయనకి చూపిద్దామని వేలు కూడా ఎత్తింది.

అప్పుడే రెండు కొట్టారు. గేటు తెరుచుకుంది. పొద్దున ఆరింటికి లోపలికెళ్ళిన ఆడవాళ్ళు బయటికి వస్తున్నారు. జుట్టు మీద, కనుబొమల మీద దూది నూగు, పిండి చల్లినట్టు. వాళ్ళలో ఓవియా తల్లి మరగదం ఉంది. ఆ బ్యానరు కిందినుంచే నడిచి రావాలి అందరూ.

"ఏమే మరగదం, మీ ఇంట్లో పొయ్యి వెలగదంటగా! సాయంత్రం రా, మా ఇంట్లో నాలుగు పుల్లలున్నాయి ఇస్తాను," అంది ఒకావిడ.

"నీ కూతురికి మిల్లు అమ్మయితే, నువ్వేమవుతావే? సవతితల్లివా?" అంది ఇంకొకతె.

వాళ్ళు రోజూ కలిసి తినేవాళ్ళే. విషం లేదు ఆ మాటల్లో. మరగదం కూడా వాళ్ళతో పాటు నవ్వింది. నవ్వుతూనే భుజం మీది తువ్వాలు తల మీదకి లాక్కుని, మొహం కనపడకుండా చుట్టుకుని, ఊరి వైపు వెళ్ళే వ్యాను ఎక్కేసింది.

సెందామరై జారిన చెప్పు వెతుక్కుంటున్నట్టు సీటు కిందికి వంగింది. చెప్పు కాలికే ఉంది. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా లేవలేదు.

శుక్రవారం టిఫిను పొంగలి. నేతి వాసన వీధి చివరిదాకా వస్తోంది. ఓవియా పళ్ళెం తీసుకోలేదు. చేతి పంపు గట్టు మీద పుస్తకం తెరిచి కూచుంది.

"తినవా కన్నూ?" అని అడిగింది సెందామరై.

"ఇంట్లో తినొచ్చాను టీచర్." పిల్ల తల ఎత్తలేదు. పుస్తకంలో పేజీ తిప్పలేదు.

వరసలోంచి ఎవడో కుర్రాడు "పొయ్యి వెలగని ఓవియా!" అని అరిచాడు. నలుగురు అందుకున్నారు. సెందామరై బెత్తం తీసింది. గొడవ సద్దుమణిగింది. పిల్ల మాత్రం గట్టు దిగలేదు. పది గంటలకి లెక్కల పీరియడులో దాని కడుపు గుర్రుమనడం మొదటి బెంచీదాకా వినపడింది.

విరామంలో వడివు గిన్నె అడుగు గీకుతూ, హెడ్‌మిస్ట్రెస్‌తో కాకుండా గిన్నెతో అన్నట్టు అంది. "మూడు నెలలుగా వడ్డిస్తున్నాను. ఆకలేసి వచ్చిన పిల్లని చూశాను. ఆకలేసినా సిగ్గుపడి తిననిదాన్ని ఇవాళే చూడ్డం."

అంతలో ఇన్బరాజ్ ఫోను చేశాడు. హుషారుగా ఉన్నాడు. "టీచర్, పెద్దయ్యకి బ్యానరు తెగ నచ్చింది! పొయ్యి వెలగదన్నారుగా, స్టేజీ మీద ఆ తల్లికి గ్యాసు స్టవ్వు బహుమతి ఇప్పిస్తున్నాం. మీ మాటలోంచే పుట్టింది ఐడియా!"

ఆదివారం మిల్లుకి సెలవు. సెందామరై తొమ్మిదింటికి మరగదం ఇంటికి నడిచింది. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకుంటూనే ఉంది. ఒకటే గది, ముందు రేకుల పంచ. పంచలో మరగదం సంతగ, అంటే బియ్యప్పిండి సేమియా, దించుతోంది. మూడు కాళ్ళ ఇనప మర, పైన తిప్పుడు పిడి. ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి ముద్దలు పొగలు కక్కుతున్నాయి.

"రండి టీచర్, అక్కడే నిలబడ్డారేం?"

"మరగదం, ఆ బ్యానరు..."

"ముందు ఆ కాలు పట్టుకోండి టీచర్, మర ఊగుతోంది. చల్లారితే దిగదు, వేడిమీదే తిప్పాలి."

కూర్చుకున్న మాటలన్నీ అలాగే ఉండిపోయాయి. సెందామరై చీరె కుచ్చెళ్ళు ఎగదోపి, గొంతుక్కూచుని మర కాలు రెండు చేతులా పట్టుకుంది. మరగదం కాలే ముద్దని ఊదుకుంటూ గొట్టంలోకి వేసి, పిడి మీద బరువంతా వేసి తిప్పింది. కింద పళ్ళెంలోకి తెల్లటి సన్నటి దారాలు చుట్టలు చుట్టలుగా దిగాయి. మిల్లులో వారమంతా నూలు చుట్టిన ఆ చేతులు తెగిన దారాన్ని చటుక్కున వేలితో అందుకుని చుట్టలో కలిపేస్తున్నాయి.

లోపలికి పిలిచి చాప వేసింది. ఆకులో రెండు చుట్టలు పెట్టి, బెల్లం కలిపిన కొబ్బరిపాలు పోసింది. సెందామరై చూపు తన ప్రమేయం లేకుండానే వంటమూల వైపు పోయింది. తుడిచిపెట్టిన రెండు బర్నర్ల గ్యాసు స్టవ్వు. పక్కన అలికిన మట్టిపొయ్యి.

"రెండూ ఉన్నాయి టీచర్," అంది మరగదం ఆ చూపు వెంటే చూసి. "ఓవియా నాన్న లారీ మీద నెలకి రెండుసార్లొస్తాడు. నేను మూడున్నరకి లేస్తాను. అన్నం, కూర, దాని జడలు. నిద్రలోనే నా ఒళ్ళో తలపెట్టి వేయించుకుంటుంది. రిబ్బన్లు కట్టేసరికి వ్యాను హారను."

ఆ రిబ్బన్లు విప్పింది తనేనని సెందామరై చెప్పలేకపోయింది. వేరేది చెప్పింది. "ఆ మాట రాసింది నేనే మరగదం. తప్పు నాది."

"తెలుసు టీచర్. మా పిల్లకి అంత మాటెక్కడొస్తుంది?"

"బ్యానరు తీయించమంటావా?"

"తీయిస్తే ఎవరు తీయమన్నారని అడుగుతారు. ఉండనివ్వండి. స్టవ్వు కూడా తీసుకుంటాను. నవ్వుతూ తీసుకోవాలని సూపర్‌వైజరు ముందే చెప్పాడు." మరగదం గిన్నె పక్కన పెట్టింది. "మీ వల్ల ఒక్క పని కావాలి. మీకు రాత బాగా వచ్చుగా, అర్జీ ఒకటి రాసిపెట్టండి. మొన్న దీపావళి దాకా మా షిఫ్టు ఎనిమిదింటికి. వండుకుని, పిల్లలకి తినిపించుకుని వెళ్ళేవాళ్ళం. ఆరు చేశాక కదా పిల్లలు ఖాళీ కడుపుతో బడికి రావడం. ఇళ్ళలో చిన్నపిల్లలున్నవాళ్ళం పదకొండు మందిమి. మాకు మళ్ళీ ఎనిమిది చెయ్యమని. ఎవరి పేరు ముందో తెలీకుండా గుండ్రంగా సంతకాలు పెడతాం. పెద్దయ్య చేతికే ఇవ్వాలి, మధ్యలోవాళ్ళకిస్తే చేరదు. ఆయన రేపు మీ బడికే వస్తున్నారుగా."

దీపావళికి షిఫ్టు మారడం, సంక్రాంతి దాటాక మిల్లు టిఫిను మొదలుకావడం రెండూ సెందామరైకి తెలుసు. పక్కపక్కన పెట్టి చూసుకోలేదంతే. ఇప్పుడు చూసుకుంది. అయినా నోటినుంచి వచ్చింది ఇంకో మాట.

"ఫంక్షను అయిపోనీ మరగదం. షెడ్డు సంగతి తేలనీ. ఇప్పుడు అర్జీ అంటే, పిల్లల టిఫినుకే ఎసరొస్తే?"

మరగదం ఒక్క క్షణం ఆవిడ మొహం చూసింది.

"సరే టీచర్," అని కొబ్బరిపాల గిన్నె అందుకుంది. "ఇంకో చుట్ట వేసుకోండి. ఆకు ఖాళీగా ఉంది."

సోమవారం బడి ఆవరణలో షామియానా వేశారు. పదకొండు మంది తల్లుల్నీ పనిలోంచి రెండు గంటలు వదిలి, మిల్లు వ్యానులోనే తెచ్చి ముందువరసల్లో కూచోబెట్టారు. సూపర్‌వైజరు పక్కనే నిలబడ్డాడు. పెద్దయ్య తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకున్న ముసలాయన. పిల్లల పక్కన వరండాలో కూచుని ఉప్మా తిన్నాడు, ఉప్పు సరిపోయిందని వడివుని మెచ్చుకున్నాడు. చెడ్డవాడిలా లేడు. అదే సెందామరైకి మరీ కష్టమనిపించింది.

ఓవియాని మైకు ముందుకి పిలిచారు. జుట్టు విరబోసి ఉంది. ఇన్బరాజ్ అలాగే ఉండాలన్నాడట.

"పొద్దున మా ఇంట్లో..." అంది పిల్ల. ఆగింది. ముందువరసలో తల్లి ఒళ్ళో చేతులు పెట్టుకుని తన చేతుల్నే చూసుకుంటోంది.

"పొయ్యి... పొయ్యి..." అని కింద నుంచి అందించాడు ఇన్బరాజ్.

సెందామరై లేచి నిలబడింది. ఎలా లేచిందో ఆవిడకే తెలీదు. పిల్ల భుజం మీద చెయ్యి వేసి మైకు అందుకుంది.

"అయ్యా, ఈ పాపకి ఆ మాట రాసిచ్చింది నేను. అది నిజం కాదు. ఈ పాప తల్లి మరగదం తెల్లవారుజామున మూడున్నరకే పొయ్యి వెలిగిస్తుంది. మీ మిల్లు వ్యాను పావు తక్కువ ఐదుకి వస్తుంది. అందుకే బిడ్డకి దగ్గరుండి తినిపించుకోలేకపోతోంది."

వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు. సెందామరైకి ఒళ్ళు తేలికైంది. గురువారం నుంచి గుండెల మీదున్న రాయి దిగింది. కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మలోంచే చూసింది. పెద్దయ్య తల తిప్పి "మరగదమంటే ఎవరు?" అని అడుగుతున్నాడు. సూపర్‌వైజరు వేలుపెట్టి చూపిస్తున్నాడు. ఆవరణలో అందరి తలలూ ఆ ఒక్క మనిషి వైపే తిరిగాయి.

ఇన్బరాజ్ కంగారుగా స్టవ్వు పెట్టె తెప్పించాడు. మరగదం మెట్లెక్కి, రెండు చేతులా అందుకుని, చెప్పినట్టే నవ్వి ఫోటో తీయించుకుని దిగింది.

పెద్దయ్య షెడ్డు స్థలం చూడ్డానికి బడి వెనక్కి నడిచాడు. సెందామరై మరగదం కోసం వంటగది వైపు వచ్చింది. థాంక్స్ చెప్పించుకోవాలని కాదు. కానీ చెబుతుందేమోనని ఎక్కడో ఉంది.

మరగదం పెట్టెని నేల మీద పెట్టింది.

"మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారు టీచర్?"

"మరగదం, నిజమే కదా..."

"నిజమని నాకు తెలీదా? గుండ్రంగా సంతకాలు పెడతామన్నది ఎందుకు? ఎవరి పేరూ ముందుండకూడదనేగా! మీరు మైకులో నా ఒక్కదాని పేరు చెప్పారు. పదకొండు మంది మాట నా ఒక్కదాని ఫిర్యాదైంది. రేపు సూపర్‌వైజరు ఎవరిని పిలుస్తాడు?" గొంతు పెంచలేదు ఆవిడ. "మీ బరువు దిగింది టీచర్. అది నా నెత్తికెక్కింది. నేను అడిగింది ఒక కాగితం. అది మాత్రం వద్దన్నారు."

ఇరవై ఏడేళ్ళుగా మాట కోసం ఎప్పుడూ తడుముకోని మనిషికి ఒక్క మాట దొరకలేదు. బ్యానరు చూసిన రోజు పడ్డ సిగ్గు దీని ముందు ఎంత! అప్పుడు తెలియక చేసింది. ఇప్పుడు మంచి చేశాననుకుంటూ చేసింది.

"పెద్దయ్య ఇంకా వెళ్ళలేదు," అంది మరగదం. "కాగితం తీయండి."

మిగతా పదిమందీ ఒక్కొక్కరే వంటగదిలోకి వచ్చారు. సెందామరై గచ్చు మీద కూచుని, నోటుపుస్తకంలోంచి కాగితం చింపింది. చెయ్యి అలవాటు ప్రకారం మొదలెట్టింది: "దయార్ద్రహృదయులైన..."

"దయ వద్దు టీచర్, కొట్టెయ్యండి," అంది మరగదం. "టైము రాయండి. మా షిఫ్టు ఎనిమిది నుంచి నాలుగు చెయ్యండి. పిల్లలకి పొద్దున మేమే తినిపించుకుంటాం. అంతే."

"బడిలో పెట్టేది ఆపొద్దని కూడా రాయించవే," అంది వెనకనుంచి ఒకావిడ. "తల్లి ఇంట్లో లేని పిల్లలు ఇంకా ఉన్నారు."

"అదీ రాయండి."

సెందామరై వేరే కాగితం తీసి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసింది. మూడు వాక్యాలు. వడివు ఒక స్టీలు పళ్ళెం బోర్లించి కాగితం మీద పెట్టింది. దాని చుట్టూ పెన్సిలుతో గీసిన గీత మీద పదకొండు మందీ సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఇద్దరివి వేలిముద్రలు.

"నేనూ పెట్టనా?" అంది సెందామరై. తన గొంతు తనకే బతిమాలుతున్నట్టు వినపడింది.

మరగదం కాగితం ఎత్తి సిరా ఆరేలా ఊదింది. గుండ్రంలో ఖాళీ లేదు.

"మిల్లులో పనిచేసేది మేము కదా టీచర్. మీ పేరెందుకు?"

పదకొండు మందీ కలిసే బయటికి నడిచారు. కాగితం ఎవరి చేతిలో ఉందో దూరం నుంచి తెలియడం లేదు. కారు దగ్గర పెద్దయ్య అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. సెందామరై ఎంగిలి పళ్ళేలు ఏరి పంపు దగ్గర పెడుతూ చూసింది.

షెడ్డు రాలేదు. మర్నాటి నుంచి పదిహేను రోజులు మరగదాన్ని దూదిచెత్త గదిలో వేశారు. దగ్గుతూ తిరిగింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. బడి వేసవికి మూసేదాకా ఓవియా టిఫిను వరసలో కూచోలేదు. సెందామరై రెండుసార్లు బతిమాలింది. మూడోసారి బతిమాలడం కూడా ఆ పిల్లకి అవమానమేనని మానేసింది.

జూన్‌లో బడి తెరిచిన వారానికి మిల్లు షిఫ్టు మార్చింది. ఎనిమిదికి కాదు, ఏడున్నరకి. ఆ పదకొండు మందికే. టిఫిను మాత్రం ఆగలేదు.

ఓవియా ఎనిమిదిన్నరకి వస్తోందిప్పుడు, చేతికి కూర వాసనతో. ఎదురుపడితే "వణక్కం టీచర్" అంటుంది. ఆగదు.

నెలాఖరున ఇన్బరాజ్ ఫోను చేశాడు. "టిఫినుకి పద్నాలుగు మంది తగ్గారేంటి టీచర్? పైన అడుగుతున్నారు. తగ్గితే మా పథకం బాగా నడవట్లేదనుకుంటారు. కారణం మీరే ఏదైనా మంచి మాట చూసి రాసిపెట్టండి. మీకు చెప్పాలా!"

సెందామరై రిపోర్టు ముందు పెట్టుకుని, కారణం అన్న గడిలో రాసింది: "ఇంట్లో తిని వస్తున్నారు."

గడిలో ఇంకా చాలా చోటు మిగిలింది. ఆవిడ కలం మూత పెట్టేసింది.